స్విచ్చి మీద టేపు

మా నాన్న బైండరు. నలభై ఏళ్ళు ఒకే ప్రెస్సులో పుస్తకాలు కుట్టాడు. కటింగ్ మిషన్ల మోతకు మిగతావాళ్ళ తలలు పగిలిపోయేవి, ఆయన మాత్రం చల్లగా పని చేసుకునేవాడు. పుట్టుకతోనే వినపడదు. అమ్మకూ అంతే. మా ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. ఎవరినైనా పిలవాలంటే ఆ గది లైటు రెండుసార్లు వేసి ఆర్పేవాళ్ళం. వినపడేదాన్ని నేనొక్కదాన్నే అయినా నాకూ అదే పిలుపు.

చేతుల భాషలో ప్రతి మనిషికీ ఒక పేరుంటుంది. చిన్నప్పుడు జడ కొస నమిలేదాన్ని. అందుకే భుజం మీదనుంచి జడ లాగినట్టు చేసి పెదవులకు ఆనిస్తే అది నేను. పెట్టింది నాన్నే. అమ్మ పోయాక నన్ను ఆ పేరుతో పిలిచే చేతులు ఆయనవే మిగిలాయి.

తర్వాత ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చింది. రెండుసార్లు పొయ్యి వెలిగించి మరిచిపోయాడు. నావి షిఫ్టు డ్యూటీలు. వేరే దారిలేక మూడు నెలల కిందట వృద్ధుల హోములో చేర్చాను. ఆదివారం నన్ను చూడగానే చేతులతో నా పేరు పిలిచేవాడు. ఈమధ్య రెండు వారాలుగా ఊరికే నవ్వి ఊరుకుంటున్నాడు. ఈసారైనా పిలుస్తాడా అనుకుంటూ వెళ్ళాను.

గదిలో స్విచ్చి మీద టేపు అంటించి ఉంది.

"ఏంటండీ ఇది?" నర్సును అడిగాను.

"మీ నాన్నగారికి రోజంతా లైటుతో ఆటలేనండీ. చేతులు కూడా ఊరికే ఆడిస్తుంటారు. డాక్టరుగారితో మందు రాయించాలి."

ఒళ్ళు మండిపోయింది. "ఆటలు కాదు, పిలుస్తున్నాడు! మూడు నెల్లుగా పిలుస్తుంటే ఒక్కరూ పలకలేదు!"

ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆమె తప్పేముంది? చేర్చిన రోజు మందుల చీటీ చేతిలో పెట్టాను గానీ ఈ ముక్క చెప్పలేదు. ఎవరికైనా చెప్పాల్సిన సంగతని నాకు తోచనే లేదు.

టేపు పీకేశాను. నాన్న లేచి వచ్చి రెండుసార్లు లైటు వేసి ఆర్పి, వరండావైపు చూస్తూ నిలబడ్డాడు. నేను బయటికి వెళ్ళి ఆయన కళ్ళముందే మళ్ళీ లోపలికి వచ్చాను. "వచ్చాను" అన్నాను చేతులతో.

ఆయన ముఖం విప్పారింది. మర్యాదగా కుర్చీ చూపించాడు. "కొత్తగా చేరారా? మా భాష వచ్చే మనిషి దొరికారు" అన్నాడు. ఆ తర్వాత, లేని జడను భుజం మీదనుంచి లాగి పెదవులకు ఆనించాడు.

"మా అమ్మాయి. లైటు వేస్తే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది. ఉండండి, పిలుస్తాను."

అని మళ్ళీ స్విచ్చి దగ్గరికి నడిచాడు.