సిలిండరు మీద సుద్దగీత

సారక్కకు వాసన తెలియదు. నాలుగైదేళ్ల కింద కరోనా వచ్చింది, పోతూ పోతూ ఆమె ముక్కును కూడా పట్టుకుపోయింది. చారు మాడినా, పాలు విరిగినా ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాల్సిందే. అందుకే వంటింట్లో ఆమెకు అన్నీ కళ్లే.

మొగుడు పోశం బొగ్గుబాయి నుంచి రిటైరైన దగ్గర్నుంచీ గ్యాసు విషయంలో ఆమె చెయ్యి మరీ బిగిసింది. పప్పు నానకుండా పొయ్యెక్కదు. గిన్నె మీద మూత లేకుండా ఏదీ ఉడకదు. ప్రతి పొద్దున తడిగుడ్డతో సిలిండరును పైనుంచి కిందిదాకా తుడుస్తుంది. ఖాళీ అయినంత మేర తడి ఇట్టే ఆరిపోతుంది, గ్యాసు ఉన్నంత మేర కాసేపు నిలుస్తుంది. ఆ రెండూ కలిసే చోట సుద్దముక్కతో గీత పెడుతుంది. నిన్నటి గీతకూ ఇవ్వాళ్టి గీతకూ మధ్య చిటికెన వేలు పట్టిందంటే సరే. అంతకు మించి ఉంటే, రెండోసారి చాయ్ ఎవరు పెట్టుకున్నారని విచారణ మొదలవుతుంది. ఆ ఇంట్లో ఎక్కువసార్లు దొరికిపోయిన దొంగ పోశమే.

ఈ వేసవిలో కూతురు రాజకుమారి కాన్పుకు గోదావరిఖని వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఇంటికి వచ్చిన అయిదో రోజుకల్లా గీతల మధ్య రెండు వేళ్ల సందు కనబడింది.

"బాలింత ఉన్న ఇంట్ల గ్యాసు ఎక్కువ పడదా ఏంది? పిసినిగొట్టుతనానికి ఒక హద్దుండాలె" అన్నాడు పోశం.

"నీళ్లు పెరట్ల బొగ్గుల పొయ్యి మీదనే కాగవెడుతున్న గదా. ఇగ గ్యాసు యాడికి పోతున్నట్టు?"

"నీ సుద్దనడుగు" అని ఆయన పేపరు తిప్పాడు.

ఆమెకు మనసులో ముల్లు దిగింది. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టారు. వంటలన్నీ వీధిలో టెంటు వేసి వంటవాళ్లే చేశారు, వాళ్ల పొయ్యిల మీదే. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు పొద్దున సారక్క గుడ్డతో తుడిచి చూసింది. గీత మళ్లీ ఒక వేలు పట్టేంత కిందికి దిగింది.

వెలగని పొయ్యి గ్యాసు ఎట్లా తాగుతుంది?

ఈసారి పోశం నవ్వలేదు. నవ్వే విషయం కాదని ఆయనకు తెలుసు. ఆయన బాయిలో మైనింగ్ సర్దారుగా చేశాడు. షిఫ్టు వాళ్లు దిగకముందే తను దిగి, ఎక్కడైనా గ్యాసు ఉందేమో చూసి, లేదని పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం చూశాకే మనుషులు పనిలోకి వెళ్లాలి. ముప్పై ఏళ్లు అదే డ్యూటీ. అందుకని వంటింట్లో స్టూలు వేసుకుని ఎక్కి, మెడ సాచి, స్లాబు కింద నాలుగు మూలలా వాసన చూశాడు.

"గ్యాసు ఎప్పుడైనా మీదికే పోతది. కప్పు కిందనే చూడాలె. చూసిన, ఏం లేదు" అని చేతులు దులుపుకుంటూ దిగాడు.

"మల్ల గీత?"

"గీత తప్పు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ముప్పై ఏళ్ల అనుభవం ముందు సుద్దముక్క ఏపాటిదని సారక్క కూడా సరిపెట్టుకోబోయింది. కానీ మళ్లీ పోయి ఆ గీతను చూసి వచ్చింది.

మధ్యాహ్నానికి కరెంటు పోయింది. వడగాలి కొట్టకుండా కిటికీలన్నీ మూసేశారు. వంటింటిని ఆనుకుని ఉన్న గదిలో రాజకుమారి తలకు గుడ్డ కట్టుకుని మంచం మీద నిద్రపోతోంది. పసిదాన్ని మాత్రం చల్లగా ఉంటుందని కింద బండల మీద బొంత వేసి పడుకోబెట్టారు. సారక్క ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది. ఎంతకూ చూపు తిప్పుకోలేకపోయింది.

"ఏమయ్యా, జర ఇటు రా. పిల్ల పక్కన ఒకసారి ఒరుగు."

"ఎందుకే?"

"నువ్వు కప్పు కింద చూసినవు. కప్పు కింద మన పిల్ల లేదు గదా. అది పన్నకాడ చూడు. నాకు ముక్కు లేకపాయె."

"ఈ మోకాళ్లతోనా?" అని నవ్వుతూనే ఒరిగాడు. తల నేలకు ఆనగానే నవ్వు ఆగిపోయింది. వంటింటి గడప వైపు ముఖం తిప్పి ఒకసారి, మళ్లీ ఒకసారి గాలి పీల్చాడు. ఇల్లంతా సాంబ్రాణి, వాము, ఎల్లిపాయల వాసన. దాని అడుగున ఇంకొకటి ఉంది.

"బిడ్డా, లే. పిల్లనెత్తుకొని బయటికి నడు. స్విచ్చులు ముట్టకు" అన్నాడు. గట్టిగా అరిచినా సారక్క అంత భయపడేది కాదు. ఆయన చాలా మెల్లగా అన్నాడు.

రెగ్యులేటరు ఆపి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, సిలిండరును పెరట్లోకి ఈడ్చి, ఆయన కూడా వీధిలోకి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పసిదానికి కొంగు కప్పి నిలబడ్డారు.

"ఇది బరువు గ్యాసు. కిందికే దిగుతది. నేను మన బాయి గ్యాసు లెక్క మీదికి పోతదనుకున్న" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఎంతసేపు నిలబడ్డారో, కరెంటు వచ్చింది. ఆపడం మరిచిపోయిన కూలరు లోపల టక్కుమని, గుర్రుమంటూ దానంతటదే తిరగసాగింది. ముగ్గురూ తలుపు వైపు చూశారు. గ్యాసు ఇంకా లోపలే ఉండుంటే ఆ ఒక్క టక్కు చాలు. పోశం మెట్టు మీద కూలబడ్డాడు.

ఇల్లంతా గాలాడనిచ్చి, సాయంత్రం గ్యాసు మెకానిక్‌ను పిలిపించారు. పొయ్యి వెనక పైపును ఎలుక కొరికింది. పొయ్యి మీటలు మూయడమే గాని, సిలిండరు దగ్గర ఆపే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. సారక్క పెరట్లో సిలిండరు ముందు కూర్చుని రెండు వేళ్ల సందున్న గీతలు లెక్కపెట్టింది. పదహారు. ఆ పదహారు సాయంత్రాలూ పిల్లకు నీళ్లు పోశాక, సాంబ్రాణికని నిప్పులు తన చేతులతోనే ఆ గదిలోకి తీసుకెళ్లింది. పొదుపు కోసం పెట్టిన గీతలని ఇన్నాళ్లూ అనుకుంది.

"బాయిల అయితే, పొద్దున నేను గ్యాసు లేదని సంతకం పెట్టినట్టే గదనే" అన్నాడు పోశం వెనక నుంచి.

రాజకుమారి స్నానానికి లేస్తూ రోజూలాగే పిల్లను ఆయన ముందుకు చాచింది. "బాపూ, జర పట్టుకో."

పోశం చేతులు చాచాడు. పొద్దున దులుపుకున్న ఆ చేతులనే చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

"మీ అవ్వకియ్యి" అన్నాడు.