బెజవాడలో హాలీ సిక్కా

సాయుధ పోరాటం రోజుల్లో ఊళ్ల మీద దాడులు పెరిగాక, జనగామలో కొట్టు మూసేసి, రైలెక్కి బెజవాడలో తలదాచుకున్నాం. అక్కడ మన నైజాం రూపాయి, అంటే హాలీ సిక్కా, చెల్లదు. ఇండియా రూపాయి కావాలి, దాన్నే కల్దారు అనేవాళ్లం. మామూలుగా ఏడు హాలీలకు ఆరు కల్దార్లు వచ్చేవి. జనం పారిపోయి రావడం మొదలయ్యాక హాలీ విలువ రోజురోజుకూ పడిపోయింది. మన పొలాలు అవే, పంటా అదే. కొత్తగా వచ్చింది భయం ఒక్కటే.

పెద్దవంగర నుంచి వచ్చిన ఒక అవ్వ, బజారులో డబ్బు మార్చే షరాబులను నమ్మక, మనవాడని మా బాపును వెతుక్కుంటూ వచ్చి కొంగుముడి విప్పింది.

"జర మార్చియ్యి సేటూ. మనుమండ్లు బువ్వకు మొఖం వాచిర్రు."

బాపు ఏడు హాలీలకు మూడు కల్దార్ల లెక్కన ఇచ్చాడు. మిగతాది వట్టం అన్నాడు, అంటే మార్చినందుకు కోసుకునేది. ఆమె బేరమాడలేదు.

పోలీసు యాక్షన్ తర్వాత హాలీ మళ్లీ పాత ధరకు చేరింది. బాపు అలా ఎంతోమంది దగ్గర మార్చి దాచిన హాలీ మూటలు విప్పాడు. మేం తిరిగొచ్చాక జనగామ కొట్టు మీద మేడ లేచింది. వ్యాపారమంటే ఇదీ అని చుట్టాలు మెచ్చుకున్నారు. వాళ్ల మెప్పు తగలెయ్య!

ఒకరోజు ఆ అవ్వే ఉప్పు కొనడానికి వచ్చింది. కొత్త మెట్ల మీద కూర్చున్న నన్ను చూసి, "మీ బాపు చెయ్యవట్టే మా మనుమండ్లు బతికిర్రు బిడ్డా" అంది. బాపుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను తలెత్తలేకపోయాను.

బాపు ఆ దండానికి వట్టం కోయలేదు. మొత్తం తీసుకున్నాడు.