నాలుగు ట్యూబులు, ఒక సాక్ష్యం

మా అత్తకూ నాకూ పడేది కాదు. అలాగని కేకలు, శాపనార్థాలు ఏమీ ఉండేవి కావు. ఒకే ఇంట్లో ఉంటూ ఏడాదిన్నర పాటు మేం మాట్లాడుకోలేదు, అంతే. ఏదైనా చెప్పాల్సి వస్తే మా ఆయనకు చెప్పేవాళ్లం. ఆయన అటు మాట ఇటు మోసుకొచ్చేవాడు, సగం మాటలు దారిలోనే పారేసేవాడు.

తొంభైల నాటి సంగతి. మాది ఉదయగిరి పక్క పల్లె. మా నాయన నాకిచ్చిన జెర్సీ పెయ్య అప్పటికి రెండుసార్లు ఈనింది. రెండో ఈతలో వెనక కుడి చన్ను వాచి పాలలో గడ్డలు పడ్డాయి. "ఈసారి ఈనినాక కూడా పొదుగు ఇట్టాగే ఉంటే సంతకు తోలేస్తా" అని తేల్చేశాడు మా ఆయన. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఆవొక్కటే.

అది మళ్లీ ఏడు నెలల చూడిగా ఉన్నప్పుడు బస్సెక్కి ఆత్మకూరు పశువుల ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరు నాలుగు మందు ట్యూబులు చేతిలో పెట్టాడు. "ఆఖరుసారి పూర్తిగా పిండేసి, చన్నుల కొనలు స్పిరిట్‌తో తుడిచి, చన్నుకొకటి ఎక్కించమ్మా. ఇంక ఈనేదాకా పాలు పిండొద్దు. మందు లోపల ఉంటేనే పనిచేసేది" అన్నాడు. ఇంటికొచ్చి అలాగే చేశాను. ఆవు తన్నితే మోకాలు కమిలింది, అయినా వదల్లేదు. "ఆవును ముట్టుకోవద్దని మీ అమ్మకు చెప్పు" అన్నాను మా ఆయనతో. ఎందుకో చెప్పలేదు. ఆమెకు కారణాలు చెప్పుకునే ఖర్మ నాకేం పట్టింది అనుకున్నాను.

రెండు నెలలకు ఈనింది. మూడు చన్నుల్లో జున్నుపాలు బాగానే దిగాయి. నాలుగోది, ఆ వెనక కుడిదే, రాయిలా గట్టిపడింది, పిండితే పచ్చటి నీళ్లు, ముక్కలు. డాక్టరును తిట్టుకున్నాను, ట్యూబులను తిట్టుకున్నాను. కొట్టంలో కూర్చుని ఏడ్చాను.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి ఒక్కొక్కరు లేచి సాక్ష్యాలు చెప్పే వేళ అత్త కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది.

"మా కోడలు నోరులేని గొడ్డు చన్నుల్లో ఏందో విషం ఎక్కించింది. పొదుగు బిగిసి అది అల్లాడతా ఉంటే నాకు కడుపు తరుక్కుపోయింది. వారం దినాలు ఈ పిల్ల లేవకముందే పోయి, ప్రార్థన చేసుకుంటా అంతా పిండి పారబోసినాను. ప్రభువు మూడు చన్నులు కాపాడినాడు."

అందరూ స్తోత్రం అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనూ లేచాను. సాక్ష్యం చెబుతాననుకుని పాస్టరు అయ్యగారు తల ఊపాడు.

"ఆ చన్నును చంపింది ఈమే" అన్నాను. "లోపలుండాల్సిన మందును పిండి పారబోసింది."

అయ్యగారు గబగబా పాట ఎత్తుకోమన్నాడు. నేనింకా ఏదో అంటూనే ఉన్నాను, ఎవరికీ వినపడలేదు.

బయటికొచ్చాక ఏడాదిన్నరలో మొదటిసారి అత్త నా మొహం చూసి మాట్లాడింది.

"మందు లోపలుండాలని నాకెవురు చెప్పినారే?"

"ముట్టుకోవద్దని చెప్పించినాను గదా."

"నీ ఆవు కాడికి నన్ను రావద్దంటున్నావనుకున్నా. ఎందుకో చెప్పుంటే పిండేదాన్నా?"

ఆమె అన్నది నిజం. నిజం కాబట్టే ఆమె మీద నాకు కక్ష ఇంకా పెరిగింది.

మరుసటి వారం మా ఆయన ఆవునూ దూడనూ సంతకు తోలుకుపోయాడు. ఇద్దరం వాకిట్లో నిలబడి చూశాం. అత్త కళ్లు తుడుచుకుంటోంది. నా ఆవు కోసం ఏడవడానికి నువ్వెవరని అరవాలనిపించింది. అరిస్తే ఆమెతో మాట్లాడినట్టవుతుందని ఊరుకున్నాను.