నరాలకు బలమని ఇచ్చిన బిళ్ల

ఏళ్లపాటు ఒక అబద్ధాన్ని మోశాను. పెద్దదేం కాదు, ఒక్క మాట: లేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్. కిరాయి గదిలో నేనూ, యాదగిరీ. నాది భీమవరం వైపు, వాడిది పాలమూరు. వాళ్ల నాన్న ముషీరాబాద్‌లో కూలిపని చేసేవాడు. వాడికి ఉబ్బసం, జేబులో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉండేది. ఇంటర్వ్యూలు వచ్చాయంటే మా గదుల్లో ఒక బీపీ బిళ్ల చేతులు మారేది. భయమేసినప్పుడు గుండెను పరుగెత్తించే నరాలుంటాయి కదా, వాటి మాట గుండెకు వినపడనివ్వదు. చేతులు వణకవు. సీనియర్లు నేర్పిన విద్య. డాక్టరును అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

యాదగిరి ఇంటర్వ్యూ రోజు పొద్దున వాడి చేతులు వణుకుతున్నాయి. ఆ బిళ్ల ఒకటి తీసిచ్చాను.

"గిదేం గోలి అన్న?"

"నరాలకు బలం. వేసుకో."

బీపీ మందంటే వేసుకోడని అలా అన్నాను. మంచే చేస్తున్నాననుకున్నాను, నిజంగా.

తోడుగా నేనూ ఆటో ఎక్కాను. చిక్కడపల్లి దాటకముందే వాడికి ఆయాసం మొదలైంది. ఇన్‌హేలర్ పీల్చినా తగ్గలేదు. నారాయణగూడలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాను. ఏమైనా మందు వేసుకున్నాడా అని డాక్టరు నన్నడిగాడు. లేదన్నాను. ఎందుకన్నాను? గొడవైతే ఆ వారంలోనే ఉన్న నా ఇంటర్వ్యూ ఏమవుతుందోనని. ఇంతకన్నా గొప్ప కారణం ఎంత వెతికినా దొరకలేదు.

వాడు బతికాడు. ఇంటర్వ్యూ పోయింది. గుండెను పరుగెత్తించే ఆ నరాలే ఊపిరి గొట్టాలు మూసుకుపోకుండా చూస్తాయని, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మందు ముప్పని తరవాత తెలిసింది. నాకు ఉద్యోగం వచ్చింది. వాడు మళ్లీ పరీక్ష రాయలేదు. "నాది పిరికి గుండె అన్న" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఎలా నవ్వానో!

మొన్న ఫోన్ చేశాడు. బీపీ వచ్చిందట. ఇంతకుముందు ఏ మందైనా పడలేదా అని డాక్టరు అడిగితే, లేదన్నాడట. నా అబద్ధం వాడి నోట నిజమై కూర్చుంది. ఇక ఆగలేకపోయాను. బిళ్ల పేరుతో సహా అంతా చెప్పాను, డాక్టరుకు చెప్పమన్నాను.

వాడు ఒక్కటే అడిగాడు.

"అంటే, ఆ దినం ఆయాసం వచ్చింది నా భయంతోని కాదా అన్న?"

"కాదురా. భయపడింది నేను."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. చేస్తాడన్న ఆశా లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.