అవ్వ బిగించని కుట్లు

మంగళవారం పొద్దున కర్నూలులో నా గదిలో పెరుగన్నం తింటుంటే అమ్మ ఫోన్ చేసింది. "మిషనవ్వ పోయిందమ్మీ. తెల్లారి లేపితే లేయలేదంట." మా వైపు చావు కబురు వింటే చేతిలో ముద్ద వదిలేసి లేస్తారు. నేను లేవలేదు. ఏడుస్తూనే గిన్నె ఖాళీ చేశాను. రాతిగుండె అనుకునేవాళ్లు అనుకోండి. ఎందుకు తిన్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మిషనవ్వ అంటే కోయిలకుంట్లలో మా ఎదురింటి ముసలామె. బట్టలు కుట్టి బతికింది. నమాజుకు తప్ప మిషన్ మీద నుంచి కాలు దించేది కాదు. గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకునే మాట్లాడేది, తిట్టడం కూడా అలాగే. చిన్నప్పుడు నాకు కొత్త గౌను తొడిగితే లోపలి కుట్లు గుచ్చుకుని గీపెట్టేదాన్ని. అమ్మ రెండు తగిలించేది. అవ్వ మాత్రం నా గౌన్లకు కుట్లు బయటికి పెట్టి కుట్టింది. తిరగేసి తొడుక్కున్నానని బడిలో నవ్వారని చెబితే, "నవ్వనీలే. గుచ్చుకునేది నీకా, వాళ్లకా?" అంది.

డిగ్రీకి హాస్టల్లో చేరాక తిండి దగ్గర అదే కష్టం వచ్చింది. పప్పు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. కూరలో ఏ ముక్క నోటికి తగులుతుందో తెలియదు. పైగా పళ్లేల చప్పుడు. తినకపోతే మాత్రం తలలో నిశ్శబ్దంగా ఉండేది. దానికి మరిగాను. ఇంటికొచ్చినప్పుడు శనివారం ఒక్కపొద్దన్నాను, తర్వాత సోమవారం, ఆ తర్వాత గురువారం. "ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తి యాడుండాది?" అని మావాళ్లు మురిసిపోయారు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

చుడీదార్ వదులైతే బిగించమని అవ్వకిచ్చాను. నా నడుముకు టేపు చుట్టింది. పాత కొలతల పుస్తకం తీసి చూసింది. నోట్లో సూదులన్నీ తీసి డబ్బాలో వేసింది.

"ఏమి కత ఇది?"

"ఒక్కపొద్దులుంటాండా అవ్వా."

"నేనూ ఏటా రంజానుకు ఒక్కపొద్దుంటా. దానికి విడిచే పొద్దొకటి ఉంటాదమ్మీ. నీదానికి యాడుండాది?"

అవ్వ టేపు పక్కన పెట్టి మెల్లగా అడిగింది. "బట్ట గుచ్చుకున్నట్టే కూడూ గుచ్చుకుంటాందా నీకు?"

అంతవరకూ ఎవరూ అడగని మాట అది. నాకు నేనూ అడగలేదు. తలూపి బోరుమన్నాను. అవ్వ చుడీదార్ తిరిగిచ్చేసింది. "బిగించను పో. నువ్వే నిండల్ల దాంట్లో."

పోరుపెట్టి అమ్మతో నన్ను కర్నూలు డాక్టరు దగ్గరికి పంపింది కూడా ఆమే. నాకు పుట్టుకతోనే ఆటిజం ఉందనీ, ఈ తిండి జబ్బు దానితో ముడిపడి ఉందనీ ఇరవయ్యో ఏట తెలిసింది. ఇంత బాగా చదివే పిల్లకా అని అమ్మ నమ్మలేదు. "పేరేదైతే ఏమి, కూడు దిగే దావ చూడు" అంది అవ్వ. సెలవుల్లో రోజూ సాయంత్రం నన్ను మిషన్ పక్కన కూర్చోబెట్టుకునేది. అదే గిన్నె, పోపు లేని అదే పెరుగన్నం. తినమనేది కాదు, నావైపు చూసేది కాదు. మిషన్ తొక్కుతూనే ఉండేది. ఒకే తీరుగా సాగే ఆ చప్పుడులో ముద్ద దిగేది.

నయమైపోయిందని చెప్పను. ఇప్పటికీ కొన్ని రోజులు దిగదు. మంగళవారం ముద్ద వదిలి లేచి ఉంటే అవ్వ పేరు మీద ఇంకో ఒక్కపొద్దు మొదలయ్యేది. దాన్ని విడిచే పొద్దు ఎప్పుడో నాకు తెలియదు. అందుకే తిన్నాను.

నేను ఊరు చేరేసరికి మట్టి చేసి వచ్చేశారు. అవ్వ కూతురు ఒక సంచి ఇచ్చింది. "నీదే. పోయిన వారమే కుట్టింది." కొత్త చుడీదార్. నా పాత కొలతలకే కుట్టింది, కుట్లు బయటికి పెట్టి. ముందుముందు విప్పుకోవడానికి పక్కల్లో రెండు వేళ్ల బట్ట కూడా వదిలింది. తొడుక్కుంటే భుజాల మీద నుంచి జారిపోతోంది.

సాయంత్రం గిన్నె తెచ్చుకుని అవ్వ ఇంటి మెట్టు మీద కూర్చున్నాను. లోపల మిషన్ మీద దుప్పటి కప్పారు. ఒకప్పుడు నేను కోరుకున్న నిశ్శబ్దమే అది. మొదటి ముద్ద ఇంకా చేతిలోనే ఉంది.