పైరంగు కింది మొహం కోసం కూచిపూడికి

మా ఆఫీసరు గారు "ఆపమ్మా" అన్నారు గనుకనే బయలుదేరాను. విజయవాడలో మ్యూజియం ల్యాబులో పాత చిత్రాలను బాగుచేయడం నా పని. కూచిపూడి కుటుంబం ఒకటి ఇచ్చిన నర్తకి చిత్రాన్ని శుభ్రం చేస్తుంటే, దూదికి పైరంగు ఊడివచ్చి, ఎడమ చెంప కింద మరో చెంప బయటపడింది. గట్టి దవడ, గొరిగిన మీసం తాలూకు నీలినీడ. స్త్రీ వేషం కట్టిన మగవాడు. "పైన ముద్దుగా ఉందిగా, మళ్లీ కప్పేయ్. ఇచ్చినవాళ్లు గొడవ చేస్తారు" అన్నారు ఆఫీసరు గారు. వాళ్లనే అడిగి సంతకం తెస్తానన్నాను. తేలేకపోతే కప్పాల్సిందే.

ఉదయం ఏడుంబావుకు చల్లపల్లి బస్సు. ఆడవాళ్లకు టికెట్ డబ్బులక్కర్లేదు, ఆధార్ చూపితే చాలు; సీటుకు మాత్రం యుద్ధమే. పక్కన కూర్చున్న రహీమున్నీసా గారు కూచిపూడి పిల్లలకు నాట్యం దుస్తులు కుడతారట. ఫోనులో చిత్రం చూపించి సంగతి చెప్పాను.

"ఆడమనిషికి ఇంత భుజాలేంటమ్మా? మొహం మార్చినాయన భుజాలు మర్చిపోయాడు" అన్నారు. నెలల తరబడి దీపం కింద చూస్తున్నా నాకు తట్టలేదు. సిగ్గేసింది.

ఉయ్యూరులో ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, కాఫీ జోలికి పోకండి. తొమ్మిదిన్నరకు కూచిపూడి.

చిత్రం ఇచ్చింది శర్మ గారు, రిటైరైన మాస్టారు; చిత్రంలోని ఆయనకు మనవడట. సంగతి చెప్పగానే అడ్డంగా తలూపారు.

"మా నాన్నగారే రంగేయించారండి. నేను పుట్టకముందు పెద్దక్కయ్య పెళ్లిచూపులకొచ్చినవాళ్లు, మీ తాత చీర కట్టేవాడా అని నవ్వారు. నాన్నగారు చేయించింది నేనెలా చెరపమంటాను?"

వాదించకుండా, బయటపడిన చెంప ఫొటో చేతికిచ్చాను. ఆయన దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చూశారు.

"తాతగారిని నేను చూళ్లేదండి. పుట్టినప్పట్నుంచీ ఆ అమ్మాయి మొహానికే దండం పెట్టాను" అని, కళ్లద్దాలు తుడుచుకుని పెన్ను అడిగారు.

పన్నెండున్నరకు తిరుగు బస్సు. పామర్రు దాకా నిలబడే వచ్చాను. సంతకం ఫొటో తీసి పంపాను; కంకిపాడు దాటాక ఆఫీసరు గారి ఫోను.

"సంతకం సరేనమ్మా. ప్రదర్శన ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లొస్తారు. ఆ మీసం నీడ వరకైనా కాస్త కప్పకూడదూ?"

"ఒకసారి కప్పినందుకే మనవడు ఇన్నేళ్లూ తాతను చూళ్లేదండి. నేను కప్పను."

ఆయన విసురుగా పెట్టేశారు. ఈ ప్రయాణంలో నాకు తెలిసిందేమిటంటే, ఆ వేషాన్ని చూసి దుస్తులు కుట్టే ఆవిడ సిగ్గుపడలేదు, మనవడూ సిగ్గుపడలేదు. మా ఆఫీసే సిగ్గుపడుతోంది. మెమో ఇస్తే ఇవ్వనీ. రేపు పొద్దున్నే కుడి చెంప మొదలుపెడతాను.