కూర్మమ్మ గుప్పెడు బియ్యం

నెల్లిమర్లకి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో కూర్మమ్మని ఒక్క మాట అనడానికి ఎవరికీ నోరు రాదు. బాప్తిస్మమప్పుడు మార్త అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు చర్చి పుస్తకంలోనే ఉండిపోయింది. నూతులు తవ్వే సూరయ్య పెళ్ళాం ఆవిడ. పందొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలంలో సూరయ్య నూతి అడుగున ఉండగా, పైన మోకు పట్టుకున్న జతగాడు అసిరయ్య కల్లు మత్తులో చెయ్యి వదిలేశాడు. రాళ్ళ తట్ట సూరయ్య నెత్తిన పడింది. పైకి తీసేసరికి మనిషిలో ప్రాణం లేదు.

ఊరి పెద్దలు కూర్చుని, పోలీసులకి చెబుదామా అని అడిగారు. కూర్మమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఒద్దు బాబూ. పగ మనది గాదు, దేవుడిది. ఆయనికే ఒగ్గీసినాను."

అంతే! ఆ ఒక్క మాట పాస్టరుగారికి రెండేళ్ళ ప్రసంగాలకి సరిపోయింది. క్షమాపణ అన్నప్పుడల్లా ఆయన వేలు ఆడవాళ్ళ వరసలో ఆమె వైపే తిరిగేది. ఆమె తల దించుకునేది. అది వినయం అనుకున్నారు, పిచ్చి జనం.

ఆ చర్చి ఆడవాళ్ళకో అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి ముంతలో వేసి, ఎవరికోసమైనా ఒక మాట ప్రార్థిస్తారు. ఆదివారం ఆ ముంతలన్నీ చర్చి గంపలో పడతాయి, లేనివాళ్ళ ఇళ్ళకి చేరతాయి. తక్కినవాళ్ళు మొగుళ్ళకోసం, పిల్లల జ్వరాలకోసం అడిగేవారు. కూర్మమ్మ మాత్రం పూటపూటా అసిరయ్య కోసమే అడిగింది. ఏమని?

"ప్రభువా, మోకొదిలీసిన ఆ సెయ్యి పడిపోవాల. ఆడింట పొయ్యి ఎలగకూడదు."

నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటే ఇదే మరి! రెండేళ్ళలో ఒక్క పూట తప్పలేదు మహాతల్లి.

అరవై ఎనిమిది వానల్లో అసిరయ్యకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కబురు విన్న పూట కూర్మమ్మ ఒక ముద్ద ఎక్కువే తింది. కంచం కడుగుతుంటే ఆ సంగతి తట్టింది ఆమెకి. మొగుడు పోయాక కడుపారా తిన్నది ఆ పూటే. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది. ఆ సిగ్గు ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ ఆదివారం పాస్టరుగారు లేచి, "అసిరయ్య ఇంట మూడు రోజులుగా పొయ్యి వెలగలేదట. ఈ వారం గంప వాళ్ళకే. పట్టుకెళ్ళే అర్హత మన కూర్మమ్మకి కాక ఎవరికుంది?" అన్నారు.

పొయ్యి వెలగకూడదని తను అడిగిన మాటే పాస్టరుగారి నోట విని కూర్మమ్మ లేచి నిలబడింది. కాదనలేకపోయింది. గంప నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే, దారి పొడుగునా జనం దండాలు పెట్టారు. ఒక్కో దండానికీ ఆమె తల ఇంకాస్త కిందికి వాలింది.

అసిరయ్య పెళ్ళాం దాలమ్మ గుమ్మంలోనే ఆమె కాళ్ళమీద పడింది. "మా అప్పే! నువ్వు మనిసివి గావు, దేవతవి" అని, అక్కని పట్టుకున్నట్టు పట్టుకుని ఏడ్చింది. గబగబా పొయ్యి వెలిగించి అన్నం వండింది. నులకమంచం మీదున్న అసిరయ్య, వంకరపోయిన నోటితో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "వదినా, ఈ కూడు మీద మీ దేవుడికి దండం ఎట్టు" అన్నాడు.

కూర్మమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసింది.

"దండమెట్టడానికి నాకు నోరు నేదు. నాను మిమ్మల్ని చమించనేదు. ఈ సెయ్యి పడిపోవాలనీ, ఈ పొయ్యి ఆరిపోవాలనీ గుప్పెడు గుప్పెడికీ అడిగినాను. ఈ గంపలో ఆ బియ్యవే ఉన్నాయి. పగ దేవుడికి ఒగ్గీసినానని ఊరందరికీ సెప్పి, ఆ దేవుణ్ణే నా పగకి కూలికెట్టుకున్నాను."

దాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తిడితే బాగుండునని కూర్మమ్మ ఎదురు చూసింది. తిట్టలేదు.

అసిరయ్యే నోరు విప్పాడు. "దీన్ని పడగొట్టింది నీ దేవుడు గాదొదినా. సూరయ్యన్న పోయిన కాడినుంచీ ఈ సెయ్యి నాది గాదు."

దాలమ్మ కంచంలో అన్నం వడ్డించింది. తెచ్చి కూర్మమ్మ ముందు పెట్టింది.

"గుప్పెడు తీసి అడిగిన సేత్తోనే తినిపించప్పా" అంది.

కూర్మమ్మ ముద్ద కలిపింది. మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. అసిరయ్య ఆ ముద్దని చూశాడు, ఆమె మొహం చూశాడు. ఆ బియ్యం మీద ఆమె ఏం అడిగిందో అతనికిప్పుడు తెలుసు. తెలిసే నోరు తెరిచాడు.